మర తిప్పే దెయ్యం

ఆ మేడ దగ్గరికి రాగానే అందరి నడకా మారిపోయేది. పగలు చూస్తే ఏముంది? కింద ఇనప సామాన్ల కొట్టు. పైన ఒకే ఒక్క గది. వీధి వైపు ఒక కిటికీ, వెనక సందులోంచి మెట్లు. అంతే. కానీ రాత్రి తొమ్మిది దాటాక ఆ కిటికీ కింద నిలబడి చెప్పులో రాయి దులుపుకున్న మొనగాడు ఆ వీధిలో లేడు. గుచ్చుకుంటున్నా సరే, కుంటుకుంటూ మలుపు దాటి అప్పుడు దులుపుకునేవారు.

ఎందుకంటే... ఆ గదిలోంచి చప్పుడొచ్చేది.

టకటకటకటక... టక్.

కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ — టకటకటక.

కుట్టుమిషను. దీపం వెలగదు. మనిషి కనపడడు. మిషను మాత్రం ఆడుతూనే ఉంటుంది.

నలభై ఏళ్ళు ఆ మిషను మీద కూర్చున్నాయన్ని కత్తెర తాత అనేవాళ్ళు. ఒక రోజు కోటుకి ఒక చెయ్యి కుట్టి, రెండోది రేపు కుడతానని లేచాడట. ఆ రేపు ఆయనకి రాలేదు. మిగిలిన చెయ్యి కుట్టడానికే రాత్రుళ్ళు వస్తున్నాడని వీధంతా చెప్పుకునేది.

ఈ కథ నాకు మా పిన్ని చెప్పింది. ఆ గదిని అద్దెకి తీసుకున్నది ఆవిడే. పిన్ని టైలరు కాబట్టి "రేపిచ్చేస్తాను" అన్న ఒక్క మాట తప్ప ఆవిడ నోట అబద్ధం రాదు. అందుకని నమ్మాను. మీ ఇష్టం.

పిన్ని పదకొండేళ్ళు పెద్ద వీధిలోని ఒక టైలరు షాపులో పనిచేసింది. అక్కడి మాస్టరు తప్పులన్నీ ఈవిడవి, మెప్పులన్నీ తనవి అనే రకం. ఒక రోజు విసుగొచ్చి కత్తెర సంచిలో వేసుకుని బయటికొచ్చేసింది. వెనకనుంచి మాస్టరు అన్నాడట — "నీ చేతికి నా మిషనే అలవాటు. నెల తిరక్కుండా ఈ గుమ్మంలోనే ఉంటావు."

ఆ మాట పిన్నికి చెవిలో దోమలా తిరుగుతూనే ఉంది.

సొంతంగా పెట్టుకుందామంటే చోటు కావాలి, మిషను కావాలి. ఆ మేడమీది గదిలో రెండూ ఉన్నాయి. కత్తెర తాత తొక్కిన కాలి మిషను అక్కడే ఉంది. మేడ యజమానే కింద ఇనప కొట్టు నడుపుతాడు. అందరూ మేడాయన అంటారు. ఆయన ఒక్కటే షరతు పెట్టాడు.

"సాయంత్రం ఆరింటికి తాళం వేసి, తాళంచెవి నా చేతికిచ్చెయ్యాలమ్మా. సామాను ఒక్కటీ పైన ఉంచకూడదు. చీకటి పడ్డాక ఆ గది నాదీ కాదు, నీదీ కాదు."

"మరి ఎవరిది?"

మేడాయన పైకప్పు వైపు చూశాడు.

పిన్ని భయపడిందా అంటే, పడింది. కానీ మాస్టరు గుమ్మం ఇంకా ఎక్కువ భయపెట్టింది. సరేనంది.

వారం తిరక్కుండా మంచి పని దొరికింది. దగ్గర్లోని ఆస్పత్రి నర్సులకి ముప్పై తెల్లకోట్లు. అవి బాగా కుదిరితే ఏడాది పొడవునా అక్కడి కుట్టుపనంతా పిన్నిదే. కుదరకపోతే మళ్ళీ మాస్టరుకే వెళ్తుంది. ఆస్పత్రి పని అంతకుముందు ఆయనదే మరి.

గుడ్డ చేతికొచ్చిన రోజు పిన్ని మొదటిసారి ఆ మిషను ముందు కూర్చుని నూనె వేసింది. సూది కింద ఇనప పళ్ళ మధ్య ఇరుక్కున్న దూదిని బ్రష్షుతో గీకి తీసింది. సన్నబట్టకి తగిన పద్నాలుగో నంబరు సూది పెట్టి, పైదారానికీ అడుగుదారానికీ బిగువు మార్చే మరలు, అదే స్క్రూలు, సరిచేసుకుంది. ముక్క మీద కుట్టి చూస్తే ముత్యాల వరసలా వచ్చింది కుట్టు. ఆరింటికి తాళం వేసి, గుడ్డలు సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున కుట్టడం మొదలుపెట్టింది.

టక్. పైదారం తెగింది.

మళ్ళీ ఎక్కించింది. టక్.

కొత్త దారం కండె పెట్టింది. నాలుగు బెత్తెలు నడిచి — టక్.

పాత మిషను కదా, నెమ్మదిగా తొక్కితే దారికొస్తుందనుకుంది. బుజ్జగించుకుంటూ సాయంత్రానికి నాలుగు కోట్లు పూర్తిచేసి, పెద్ద నర్సుకి నమూనాగా తీసుకెళ్ళింది. తెల్లబట్ట మీద తెల్లదారం. చూడ్డానికి మచ్చ లేదు.

పెద్ద నర్సు చూపులు నమ్మే మనిషి కాదు. కుట్టు చివర గోటితో పట్టి, దారం కొస లాగింది. సంచి మూతికి కట్టిన తాడులా... సర్రున మొత్తం దారం చేతిలోకి వచ్చేసింది. కోటు పక్క విడిపోయి నోరు తెరిచింది.

"ఇది కుట్టా, ముగ్గా?" అంది పెద్ద నర్సు.

పిన్ని నేల చూసింది.

"ఎల్లుండి కాదు, ఆ మర్నాడు పొద్దున ఎనిమిదికి ముప్పై కోట్లూ నా బల్లమీద ఉండాలి. లేదంటే పాత మాస్టరుకి కబురుపెడతాను."

ఆ రాత్రి పిన్నికి నిద్రలేదు. పదకొండేళ్ళలో ఏ కుట్టూ ఇలా ఊడి రాలేదు. చెయ్యి తప్పా, మిషను తప్పా?

తెల్లారి వెళ్ళి తేల్చుకోవడానికి కూర్చుంది. పైన ఎర్రదారం ఎక్కించింది. కింద బాబిన్‌లో నీలం దారం చుట్టింది. తెల్లగుడ్డ ముక్క మీద ఒక జానెడు కుట్టి చూసింది. రంగులు అబద్ధమాడవు కదా. పైన ఎర్రదారం తిన్నగా, తీగలా పడుకుని ఉంది. దానిమీద వరసగా నీలం చుక్కలు పైకి పొడుచుకొచ్చాయి. అంటే పైదారం మరీ బిగుతు, అడుగుదారం మరీ వదులు. రెండూ గుడ్డ మధ్యలో ముడిపడాలి. అలా పడకుండా అడుగుదాన్ని పైది ఈడ్చేస్తోంది.

బాబిన్ కూర్చునే చిన్న ఇనప డిప్ప, బాబిన్ కేసు, బయటికి తీసి, దారం పట్టుకుని వేలాడదీసింది. చిన్న కుదుపిస్తే రెండంగుళాలు జారి ఆగాలి అది. బావిలో చేద వదిలినట్టు గిరగిరా నేలదాకా దిగిపోయింది.

దాని చిన్న మర ఎవరో వదులు చేశారు. పైన టెన్షన్ మరని ఎవరో బిగించారు.

అప్పుడు సూది వైపు చూసింది... చేతిలో బాబిన్ కేసు అలాగే ఉండిపోయింది. తను పెట్టింది పద్నాలుగు. ఉన్నది ఇరవై ఒకటి. దబ్బనమంత సూది.

సూది దానంతటది మారదు.

మేడాయన దగ్గరికి దిగి వెళ్ళింది. "పైకి ఎవరైనా వెళ్తున్నారా?"

ఆయన మేకులు తూకం వేస్తున్నాడు. చెయ్యి ఆగింది. గొంతు తగ్గించి అన్నాడు — "పెద్దాయన మిషనమ్మా. ఆయన పద్ధతి ఆయనది. నువ్వేం పట్టించుకోకు. పొద్దున వచ్చి సరిచేసుకో."

"రోజూనా?"

"ఆయన మటుకు రోజూ సరిచేసుకోవట్లా?"

పిన్ని పైకొచ్చింది. సూది మార్చింది. పైమర వదిలింది, కిందమర బిగించింది. ఎరుపు పైన, నీలం కింద, ఒకదాని మొహం ఇంకొకదానికి కనపడకుండా కుదిరేదాకా తిప్పింది. అప్పటికి మధ్యాహ్నమైంది. ఆరయ్యేసరికి, పాడైన నాలుగూ విప్పి కుట్టినవాటితో కలిపి పన్నెండు తేలాయి. వెళ్ళేముందు సుద్దముక్క తీసుకుని మిషను బల్లమీద మర్యాదగా రాసింది — "దయచేసి మర ముట్టుకోవద్దు."

దెయ్యమైనా వృత్తిలో పెద్దవాడు కదా అని "దయచేసి" అని రాసిందట.

మర్నాడు తలుపు తీసింది. సూది ఇరవై ఒకటి. పైమర బిగుతు. కిందమర వదులు. బల్లమీద, తన రాత కింద, పెద్ద పెద్ద వంకర అక్షరాల్లో ఇంకో రాత.

"ముట్టుకోకపోతే నేను బతికేదెలా?"

పిన్ని గోడకి ఆనుకుంది. చచ్చిపోయినవాడు బతికేదెలా అని అడుగుతుంటే ఏమని జవాబు చెప్తాం?

మేడాయన్ని పిలుచుకొచ్చి చూపించింది. ఆయన ఆ రాతని రెండుసార్లు చదివాడు. మొహం సున్నంలా అయింది. గబగబా జేబురుమాలుతో తుడిచేసి, "పెద్దాయన కాస్త చదువుకున్నవాడు" అని, మెట్లు రెండేసి చొప్పున దిగి వెళ్ళిపోయాడు.

ఆ రోజు పని సరిగ్గా సాగలేదు. ఉన్న మంచి సూది కాస్తా విరిగింది. కొత్తది కొనుక్కొచ్చి, మళ్ళీ మరలన్నీ కుదిర్చేసరికి మధ్యాహ్నం దాటింది. పొద్దువాలేసరికి ఇంకో ఎనిమిదే తేలాయి. ఇంకా పది కోట్లు మిగిలాయి. ముప్పైకీ బొత్తాలు పెట్టాలి. పొద్దున ఎనిమిదికి ఇవ్వాలి.

దెయ్యమా, మాస్టరా? మెట్ల మీద కూర్చుని ఆలోచించుకుంది పిన్ని. దెయ్యం ఏం చేస్తుంది, మహా అయితే పీక నొక్కుతుంది. మాస్టరైతే నవ్వుతాడు.

ఆరింటికి తాళం కొక్కేనికి తగిలించింది కానీ నొక్కలేదు. తాళంచెవి బుద్ధిగా మేడాయన చేతికిచ్చింది. బాబాయికి ఫోన్ చేసి షాపులో పనుందని చెప్పింది. దెయ్యం సంగతి చెప్పలేదు. చెబితే తోడొస్తానంటాడు. వస్తే ఆయనకి ధైర్యం చెప్పడమే ఇంకో పనవుతుంది.

ఏడింటికి మేడాయన కొట్టు మూసి ఇంటికెళ్ళాక, పిన్ని సందులోంచి మెల్లిగా మెట్లెక్కింది. కిటికీకి దళసరి గుడ్డ కట్టి, చిన్న దీపం పెట్టుకుని కుట్టడం మొదలుపెట్టింది. మిషను చెప్పినమాట వింటోంది. ఒక కోటయింది. రెండు. మూడు. నాలుగోదానికి కాలరు అతుకుతోంది...

మెట్ల మీద అడుగు పడింది.

పిన్ని కాలు తొక్కుడు మీద ఆగిపోయింది.

ఇంకో అడుగు. బరువైన అడుగు. దానివెనక ఏదో ఈడుస్తున్న చప్పుడు... స్స్‌... స్స్‌...

దీపం ఊదేసింది. కుడుతున్న కోటుని మిషను మీంచి లాగి, నెత్తిమీద కప్పుకుని కత్తిరింపు బల్ల కిందికి దూరింది.

"తాళం తీసే ఉందే..." బయట ఒక గొంతు గొణిగింది.

తలుపు తెరుచుకుంది. పిన్ని కోటు సందులోంచి చూసింది. మనిషి ఎత్తుకి పైన, గుమ్మానికి తగిలేంత ఎత్తులో, ఒకే ఒక్క కన్ను. తెల్లగా మండుతూ. ఆ కన్ను గదంతా తిరిగింది. గోడ మీదికెళ్ళింది. కోట్ల మీదికెళ్ళింది. అక్కడ కాసేపు ఆగింది. తర్వాత మిషను వైపు తిరిగి, కిందికి దిగింది.

స్టూలు మూలిగింది. తొక్కుడు కదిలింది. టకటకటక... టక్.

గుడ్డ తిరగేసిన చప్పుడు.

తర్వాత ఆ చీకట్లోంచి సన్నగా, ఏడుపు కలిసిన గుసగుస —

"తాతా... మళ్ళీ వదులు చేశావా?"

పిన్ని చెవులు రిక్కించింది.

"అడుగున చూడు, దారం ఉండలు ఉండలుగా ఎలా చుట్టుకుందో. కిందేమో బిగించేశావు, పైనేమో వదిలేశావు. ఈ నాలుగు రాత్రుల్లో ఇది మూడోసారి. నేనేం తప్పు చేశాను తాతా? ఏడాదిగా నీ మిషనుని కన్నబిడ్డలా చూసుకుంటున్నాను. కాన్వాసు సంచులు తాతా ఇవి. మందపు దారం. మర బిగించకపోతే కుదరదు. నీకు తెలియనిదా?"

దెయ్యం... దెయ్యానికి మొరపెట్టుకుంటోంది.

పిన్నికి సగం భయం అక్కడే పోయింది. మిగతా సగం, ఆ మనిషి దారం ఎక్కించడం చూశాక పోయింది. సూది పక్కన గుడ్డని నొక్కిపట్టే ఇనప పాదం కిందికే ఉంది. దాన్ని పైకెత్తకుండానే దారం ఎక్కిస్తున్నాడు. పాదం దించి ఉంటే పైదారాన్ని నొక్కిపట్టే టెన్షన్ బిళ్ళలు మూసుకుని ఉంటాయి. దారం వాటి మధ్యకి దిగదు, పైపైనే తేలిపోతుంది. అలా ఎక్కించినంతకాలం ఎన్ని మరలు తిప్పినా అడుగున ఎన్నో కొన్ని ఉండలు తప్పవు. పదకొండేళ్ళు కుట్టిన టైలరు దాన్ని ఎంతసేపని చూస్తూ ఊరుకుంటుంది? నోరు ఆగలేదు.

"ముందు పాదం పైకెత్తు," అంది బల్ల కిందనుంచి.

"సరే తాతా," అన్నాడు వాడు. పాదం ఎత్తాడు. దారం మొదటినుంచీ ఎక్కించాడు. పాదం దించి తొక్కాడు. టకటకటక. గుడ్డ తిప్పి చూశాడు. ఉండలు సగానికి తగ్గాయి.

"ఇప్పుడు బాగుంది తా..."

అప్పుడు తట్టింది వాడికి, తాత గొంతు ఆడగొంతని.

స్టూలు వెనక్కి పడింది. వాడు దాని మీద పడ్డాడు. నుదుటికి కట్టుకున్న చిన్న లైటు ఊడి, నేలమీద దొర్లి, నేరుగా బల్ల కింద వెలుగు కొట్టింది. ఆ వెలుగులో తెల్లబట్ట కప్పుకున్న ఆకారం ఒకటి పాకుతూ బయటికొచ్చింది.

వాడు అరవలేదట. అరవడానికి ఊపిరి మిగల్లేదు. రెండు చేతులూ జోడించి, "బ్... బ్..." అన్నాడు.

పిన్ని కోటు తీసి మొహం చూపించింది. "దెయ్యాన్ని కాదయ్యా. ఈ గది అద్దెకి తీసుకున్నదాన్ని. నువ్వెవరు?"

వాడు ముందు ఆవిడ పాదాలు ముందుకే ఉన్నాయో లేదో చూసుకున్నాడు. "నేనూ... ఈ గది అద్దెకి తీసుకున్నవాణ్ణే అక్కా."

అప్పుడు దీపం వెలిగించుకుని ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. తలుపంత మనిషి వాడు. పగలు గోదాములో మూటలు మోస్తాడు, రాత్రి సంచులు కుడతాడు. ఈడ్చుకొచ్చింది కాన్వాసు మూట. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము అయిదు దాకా గది వాడిది. కిటికీ మూసే ఉంచాలి, నుదుటి లైటు తప్ప దీపం పెట్టకూడదు, సామాను ఉంచకూడదు. తాళంచెవి కొట్టు మూసేముందు వాడికిచ్చి, అయిదింటికి మేడాయనే వచ్చి తీసుకుంటాడు. పిన్నికి పగలు, వాడికి రాత్రి. ఒకే గది, ఒకే మిషను, రెండు అద్దెలు. ఒకరి సంగతి ఇంకొకరికి తెలియకుండా మేడాయన పుట్టించిన దెయ్యం కాపలా. మిషను పాడవుతోందని వాడు మొరపెట్టుకుంటే మేడాయన వాడికీ అదే మాట చెప్పాడు — పెద్దాయన పద్ధతి పెద్దాయనది.

"బల్లమీద రాసింది చూసి, ముట్టుకోవద్దని తాతే చెప్తున్నాడనుకున్నాను అక్కా. ఏడుపొచ్చి రాశాను."

"ఏడాదిగా ఈ వీధి భయపడుతున్నది నీకేనా?"

వాడు బిక్కమొహం వేశాడు. "నాకా? నేనే భయపడి చస్తుంటే?"

పిన్నికి నవ్వాగలేదు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. అప్పుడు గోడ మీది కోట్లు కనిపించి, నవ్వు సగంలో ఆగిపోయింది. సంగతి విన్నాక ఆ సంచులాయన తన మూట మూల పెట్టేశాడు.

"నా సంచులు రేపైనా కుడతాను. సూది పద్నాలుగు పెట్టుకో అక్కా. బొత్తాలు నేను కుడతాను."

అంత లావు వేళ్ళతో ఎంత చిన్న బొత్తాలు కుట్టాడో, పిన్ని ఇప్పటికీ చెబుతుంది. ఒకటీ వంకర పోలేదు. పిన్ని తొక్కుతూనే వాడికి పాఠం చెప్పింది. ఇంకో బాబిన్ కేసు కొనుక్కో తమ్ముడూ, నీ కేసు నీ మందపు దారానికి, నా కేసు నా సన్నదారానికి. అప్పుడు కిందమర జోలికి ఎవరం వెళ్ళక్కర్లేదు. పైమర నువ్వు నాలుగు చుట్లు బిగించుకో, వెళ్ళేటప్పుడు నాలుగు చుట్లు వదిలెళ్ళు. లెక్క తప్పితే మళ్ళీ దెయ్యాలమవుతాం.

అయిదు కావస్తుండగా ముప్పయ్యో కోటు అయిపోయింది. పిన్నికి ఇంకా అనుమానం తీరలేదు. చంకలో కుట్టు ఆగుతుందో లేదో తొడుక్కుని చూస్తేగానీ తెలియదంది. తను ఒకటి తొడుక్కుని చేతులు రెండూ పైకెత్తింది. ఆగింది. పెద్ద సైజుది సంచులాయనకిచ్చింది. పాపం, దాని ముందు బొత్తాలన్నీ పెట్టేసి ఉండటంతో వాడు తలమీంచి దూర్చుకున్నాడు. మోచేతులదాకా ఎక్కింది. అక్కడ ఇరుక్కుంది. తల లోపలే ఉండిపోయింది. చేతులు పైకే ఉండిపోయాయి.

"అక్కా... ఊపిరాడట్లేదు," అన్నాడు లోపల్నుంచి, బావిలోంచి వచ్చినట్టున్న గొంతుతో.

"లాగకు. కుట్టు ఆగుతోంది. ఇంకాస్త ఎత్తు చేతులు..."

సరిగ్గా అప్పుడే, తాళంచెవి కోసం వచ్చిన మేడాయన తలుపు తోశాడు.

ఆయన తలుపు నెమ్మదిగా మూశాడు. తర్వాత మెట్ల మీద దబ్‌దబ్‌మని చప్పుడు, అటు తర్వాత సందు చివరిదాకా పరుగు చప్పుడు వినిపించాయి.

ఎనిమిదింటికి ముప్పై కోట్లూ పెద్ద నర్సు బల్లమీద ఉన్నాయి. ఆవిడ ఒక్కోదాని కుట్టూ గోటితో లాగి చూసింది. ఒక్క దారం రాలేదు. "వచ్చే వారం దుప్పట్లు పంపిస్తాను" అంది. అంతే, ఇంకేం పొగడలేదు. పిన్నికి అది చాలింది.

ఆ గదిలో పగలు పిన్ని, రాత్రి సంచులాయన ఇప్పుడు బాహాటంగానే కుట్టుకుంటున్నారు. కిటికీకి గుడ్డ లేదు, రాత్రంతా దీపం వెలుగుతుంది. అద్దె ఒక్కటే, చెరి సగం. దాని కోసం మెట్లెక్కేది మాత్రం మేడాయన భార్య. ఆయన ఆ తెల్లవారుజాము తర్వాత మళ్ళీ పైకి రాలేదు.

జరిగిందంతా పిన్ని ఆవిడకి చెప్పింది. ఆవిడ వెళ్ళి మొగుడికి చెప్పింది. ఆయన నమ్మలేదు. సంచులాయనకి తల ఉంటుందన్నాడు.

"ఆ దెయ్యాన్ని పుట్టించిందే మీరు కదండీ, ఇంకా మీకెందుకు భయం?" అని ఆవిడ నిలదీసిందట.

మేడాయన చుట్టూ చూసి, గొంతు తగ్గించి అన్నాడట —

"నేను పుట్టించింది ఒక్కటేనే. పైన రెండున్నాయి."